రక్తపరీక్షకు అందనిది

ఆరోగ్య విషయములపై మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న మరల మరల కనబడుచుండును. వ్రాసినవారు పేరు వ్రాయరు. తరచు ఊరు కూడ వ్రాయరు. "హెచ్.ఐ.వి.కి మందు వాడుచున్నాను. మొన్నటి పరీక్షలో నా రక్తమునందు వైరస్ కనబడలేదని చెప్పినారు. అట్లయిన మందు మానివేయవచ్చునా?" మానకూడదని వైద్యుడు చెప్పియే యుండును. కారణము వివరించుటకు ఆయనకు తీరిక దొరకియుండదు. గది వెలుపల అంతమంది వేచియుండగా తీరిక యెట్లు దొరకును? ఆ కారణమును చెప్పుటకును, అది తెలిసికొనుటకు ఎవరెవరు తమ దేహములనుండి ఏమేమి ఇచ్చిరో చెప్పుటకును నేటి ప్రసంగమును కేటాయించితిమి.

రక్తములో కనబడకపోవుట వేరు. దేహములో లేకపోవుట వేరు. హెచ్.ఐ.వి. ఆశ్రయించునది మన రక్షణకణములను, అందును ముఖ్యముగా సి.డి.4 అను గుర్తుగల లింఫోసైట్లను. దేహములోని లింఫోసైట్లలో ఏ క్షణముననైనను రక్తములో తిరుగుచుండునవి నూటికి రెండు వంతులకు మించవని అంచనా. మిగిలినవన్నియు శోషరస గ్రంథులలో, ప్లీహములో, టాన్సిళ్ళలో, ఎముకల మూలుగలో, పేగుల గోడలలో కాపురముండును. కాలికి దెబ్బ తగిలినపుడు గజ్జలో బిళ్ళ కట్టినదని మన యిండ్లలో అందురు. ఆ బిళ్ళయే శోషరస గ్రంథి. రక్తము ఈ కణములకు దారి మాత్రమే. సంతదారిలో పోవువారిని లెక్కించి ఊరి జనసంఖ్య చెప్పబూనినచో ఎట్లుండునో, రక్తమును మాత్రము చూచి హెచ్.ఐ.వి. సంగతి అంతయు చెప్పబూనుట అట్లుండును. అయినను మోచేతి మడతలో సూది గ్రుచ్చి రక్తము తీయుట సులభము. పేగుముక్క తీయుట సులభము కాదు. ఈ చిన్న కారణమువలననే ఈ వ్యాధి చరిత్రలో చాల సంగతులు ఆలస్యముగా తెలిసినవి.

ఇందులో ఒక విశేషమున్నది. ఈ వైరస్ మొదట దొరికినది కణజాలములోనే. 1983వ సంవత్సరము జనవరి మాసమున పారిస్ నగరములో ఒక రోగికి ఉబ్బిన శోషరస గ్రంథిని కోసి, ఆ ముక్కను పాశ్చర్ సంస్థకు పంపిరి. అక్కడ ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మోంటానియే అనువారును వారి సహచరులును ఆ గ్రంథికణములను పెంచి, వానినుండి వైరస్‌ను వేరుచేసిరి. 2008లో వారిరువురికి నోబెల్ బహుమానము లభించినది. 1985 నుండి రక్తపరీక్షలు వాడుకలోనికి వచ్చినవి. అప్పటినుండి ప్రపంచమంతయు రక్తమువైపే చూడసాగినది.

వైరస్ సోకిన తరువాత చాలమంది పలు సంవత్సరములపాటు ఆరోగ్యవంతులవలెనే తిరుగుచుందురు. ఆ కాలమున రక్తములో వైరస్ స్వల్పముగానే కనబడుచుండెను. కావున అది నిద్రించుచున్నదని పలువురు తలచిరి. 1993వ సంవత్సరము మార్చి మాసపు 'నేచర్' పత్రికలో రెండు బృందముల వ్యాసములు ఒక్కసారి వెలువడినవి. ఒకటి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలయందలి ఆంథొనీ ఫౌచీ బృందముది. రెండవది మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందలి ఆష్లీ హాసే బృందముది. వారు పరీక్షించినది శోషరస గ్రంథులను. రక్తము ప్రశాంతముగా నున్నను గ్రంథులలో వైరస్ కుప్పలుగా నున్నది. గ్రంథుల నిర్మాణము లోలోపల శిథిలమగుచున్నది. నిద్ర అనుకొన్నది నిద్ర కాదు.

1996 నాటికి మూడేసి మందులను కలిపి ఇచ్చు చికిత్స వచ్చినది. మరణశయ్యపై నున్నవారు లేచి పనులకు పోయిరి. రక్తములో వైరస్ లెక్క పడిపోయి, పరీక్షకు అందని స్థితికి దిగినది. అప్పుడు తలెత్తిన ప్రశ్న ఇది: గ్రంథులలోను అట్లే పడిపోయినదా? దీనిని తేల్చుటకు హాసే బృందము ఎన్నుకొన్న స్థానము టాన్సిలు. టాన్సిలు గొంతులో నోరు తెరచినంతనే కనబడును. అదియు శోషరస కణజాలమే. అచ్చట మాత్రము తిమ్మిరెక్కించి చిన్న ముక్కను గిల్లవచ్చును. కొంతకాలము తరువాత మరల గిల్లవచ్చును. చికిత్సకు ముందొకసారి, చికిత్స నడుచుచుండగా మరికొన్ని సార్లు అట్లు ముక్కలు తీసిరి. వానిని పలుచని పొరలుగా కోసి, వైరస్ జన్యువునకు మాత్రమే అంటుకొను రసాయనముతో తడిపి, ఏ కణము వైరస్‌ను తయారుచేయుచున్నదో సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టిరి. 1997లో వెల్లడించిన ఫలితము ఆశాజనకమైనది. ఆరు నెలలలో టాన్సిళ్ళలోని వైరస్ నిల్వ చాలవరకు తరిగినది. మందు కణజాలములోను పనిచేయుచున్నది. కాని తరుగుట వేరు, తుడిచిపెట్టుకొనిపోవుట వేరు గదా.

ఆ సంవత్సరమే మూడు బృందములు వేరువేరుగా ఒకే సంగతిని కనుగొనినవి. ఏండ్లు చికిత్స పొందినవారిలో కూడ, పనిలేక విశ్రాంతిగా నున్న కొన్ని సి.డి.4 కణములలో వైరస్ జన్యువు సజీవముగా దాగియున్నది. ఇది ఎట్లు సాధ్యమో తెలిసికొనుటకు వైరస్ చేయు పనిని చూడవలెను. అది కణములో ప్రవేశించి, తన జన్యుసందేశమును మన జన్యుభాషలోనికి మార్చి వ్రాసి, దానిని మన కణపు జన్యుపదార్థములోనే అతికించును. పూర్వము మన గ్రామములలో కరణముగారి లెక్కలుండెడివి. ఎవడైనను ఒక దొంగ పద్దును ఆ లెక్కలలో చొప్పించగలిగినచో, ఆపైన వాడు ఊరు విడిచిపోయినను పద్దు నిలిచియుండును. ఎన్నేండ్లకైనను దాని ఆధారముతో దావా లేచును. నేటి మందులు చేయునది క్రొత్త దొంగపద్దులు పడకుండ కాపాడుట. పాత పద్దును కొట్టివేయు మందు నేటివరకును లేదు. పైగా ఆ కణము రెండుగా చీలినప్పుడెల్ల దొంగపద్దుకు కూడ నకలు పడును. ఇట్లు నకళ్ళవలన నిల్వ నిలిచియుండుట నిజమేనని 2014లో స్పష్టమైనది.

ఈ నిల్వ సగమగుటకు సుమారు 44 నెలలు పట్టునని 1999లో లెక్కకట్టిరి. దాని ప్రకారము మందు మానకుండ వాడినను అది పూర్తిగా హరించుటకు 60 సంవత్సరములు పట్టవచ్చును. మందు మానినచో మాత్రము సాధారణముగా కొలది వారములలోనే రక్తములో వైరస్ మరల కనబడును. 2006లో ప్రకటితమైన 'స్మార్ట్' అను పరిశోధనలో 33 దేశములనుండి 5,472 మంది పాల్గొనిరి. మధ్యమధ్య మందు ఆపి, అవసరమైనపుడు మరల మొదలుపెట్టినవారిలో, ఎడతెగక వాడినవారికంటె వ్యాధులును మరణములును ఎక్కువగా సంభవించినవి. మా శ్రోతల ప్రశ్నకు సమాధానము ఇక్కడనున్నది. రక్తపరీక్ష శుభవార్త చెప్పినది మందువలన. మందు అనవసరమైనందువలన కాదు.

మరియొక మాట ఇక్కడనే చెప్పవలెను, లేనిచో వినువారికి లేనిపోని భయము కలుగును. గ్రంథులలో వైరస్ దాగియున్నది గదా, అది ఇతరులకు అంటునా అని. మందును క్రమముగా వాడుచు, రక్తములో వైరస్ కనబడని స్థితిలో నున్నవారినుండి లైంగిక సంబంధమువలన భాగస్వామికి అది సోకదు. 2016లోను 2019లోను ఫలితములు వెలువడిన 'పార్ట్‌నర్' పరిశోధనలలో, వేలకొలది సందర్భములను గమనించినను, అట్టి సంక్రమణ ఒక్కటియు తేలలేదు. కణజాలములోని నిల్వ రోగి సమస్యయే గాని, అతని యింటివారి సమస్య కాదు. అట్టివారిని దూరముగా కూర్చుండబెట్టుటకు శాస్త్రములో ఆధారమేమియు లేదు. మన దేశములో 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. ఆఫ్రికా దేశములలో రోగులు మ్రింగు బిళ్ళలలో ఎన్నో హైదరాబాదు పరిసరముల కర్మాగారములలో తయారగునవే. మనవారిలో చాలమందికి ఇది తెలియదు.

ఇక పేగుల సంగతి. 2003, 2004 సంవత్సరములలో అమెరికాలోని బృందములు పేగు లోపొరనుండి బియ్యపుగింజంత ముక్కలను తీసి పరీక్షించినవి. కొనకు కెమెరా, చిన్న పట్టకారు గల గొట్టముతో ఈ ముక్కలు తీయుదురు. పేగులోని సి.డి.4 కణములు వైరస్ సోకిన తొలి వారములలోనే ఘోరముగా నశించుచున్నట్లు తేలినది. రక్తములో అప్పటికింకను ఆ నష్టము అంతగా కనబడదు. చికిత్స ఆరంభమైన తరువాత రక్తములో కణసంఖ్య పెరుగును, వైద్యుడు సంతోషించును, రోగి బరువెక్కును. పేగులో మాత్రము ఆ కోలుకొనుట చాల నెమ్మది, చాలమందిలో అసంపూర్ణము. శోషరస గ్రంథులలోను దీనికి తోడైన దృశ్యమొకటి కనబడినది. గాయము మానినచోట మచ్చ కట్టినట్లు గ్రంథులలో నారపదార్థము పేరుకొనును. అది ఎక్కువగా పేరుకొన్నవారిలో చికిత్స చేసినను సి.డి.4 కణములు తగినంత పెరుగవని మిన్నెసోటాలోని టిమొథీ షాకర్ బృందము చూపినది. కణములకు ఇల్లే పాడైనపుడు కాపురము నిలుచుట కష్టము.

ఈ బృందమువారే కోర్ట్‌నీ ఫ్లెచర్ అను మందుల నిపుణునితో కలిసి 2014లో మరియొక ఫలితమును ప్రకటించి వివాదమునకు కారకులైరి. చికిత్స పొందుచున్న 12 మందికి రక్తము, శోషరస గ్రంథి, చిన్న పేగు, పెద్దపేగు చివరిభాగము, ఇన్నిటినుండి నమూనాలు తీసి, వైరస్‌ను గాక మందునే కొలిచిరి. గ్రంథులలోని కణములలో మందు రక్తకణములలోకంటె తక్కువగా నున్నది. తక్కువగా ఉన్నచోట వైరస్ మెల్లగా పెరుగుచున్న చిహ్నములు కనబడినవని వారనిరి. 2016లో 'నేచర్' పత్రికలో వేరొక వ్యాసము దీనిని బలపరచినది. ముగ్గురు రోగుల గ్రంథులలో, చికిత్సయొక్క తొలి ఆరు నెలలలో, వైరస్ జన్యువు మార్పు చెందుచున్నదని అందు వాదించిరి. మార్పు చెందుచున్నదనగా పెరుగుచున్నదని అర్థము.

ఈ వాదము చిన్నది కాదు. చికిత్సలోను వైరస్ గ్రంథులలో పెరుగుచున్నచో, గ్రంథులలోనికి చొరగల మందులు కావలెను. పెరుగుట లేక కేవలము దాగియున్నచో, ఎన్ని క్రొత్త మందులు చొరబడినను లాభము లేదు. దాగియున్న కణమునే వెలికిదీసి తుదముట్టించు ఉపాయము కావలెను. ఏ దారిని పోవలెనో దీనిపై ఆధారపడియున్నది. ఆరు నెలల కాలము చాల స్వల్పమనియు, అప్పటికింకను పాతకణములు నశించుచునే యుండుటచే లెక్క మోసపుచ్చవచ్చుననియు ప్రతిపక్షులు చెప్పిరి. 2019లో మరి రెండు బృందములు, దీర్ఘకాలము చికిత్సలో నున్నవారి కణజాలములను పరీక్షించి, వైరస్ పెరుగుచున్నట్లు తమకు ఆధారము దొరకలేదని ప్రకటించినవి. క్రమముగా మందు వాడువారిలో మందుకు లొంగని వైరస్ తలయెత్తుట అరుదు. గ్రంథులలో నిరంతరము పెరుగుచున్నచో అట్టిది తరచు కనబడవలసియుండెను. ఈ తర్కము బలమైనదని మా యభిప్రాయము. అయినను ఎదుటిపక్షమును త్రోసివేయుటకు తగినంత కణజాలమును ఎవరును ఇంకను చూడలేదనుట న్యాయము.

స్వస్థతకు సైతము కణజాలమే సాక్షి. రక్తక్యాన్సరు కొరకు బెర్లిను నగరములో 2007లో ఒకసారి, 2008లో మరియొకసారి ఇతరుని మూలుగకణములు ఎక్కించుకొన్న టిమొథీ రే బ్రౌన్ అను అమెరికా దేశస్థుడు హెచ్.ఐ.వి.నుండి విముక్తుడైనాడు. ఆ దాత కణములకు వైరస్ ప్రవేశించు ద్వారమే సహజముగా లేదు. కాని రక్తములో వైరస్ లేదన్నంతమాత్రమున లోకము నమ్మలేదు. ఆయన పేగునుండియు ఇతరస్థానములనుండియు ముక్కలు తీసి వెదకిన పిదపనే నమ్మకము కుదిరినది. అట్టి సందేహము అకారణము కాదు. బోస్టనులో ఇట్టి చికిత్సయే పొందిన ఇరువురికి, రక్తములో ఎంత వెదకినను వైరస్ దొరకనందున, 2013లో మందు ఆపిరి. ఒకరికి 12 వారములకు, వేరొకరికి 32 వారములకు అది తిరిగివచ్చినది. మిసిసిపీలో జన్మించిన ఒక శిశువునకు మందు ఆపిన 27 నెలలవరకు కనబడక, 2014లో మరల కనబడినది. బ్రౌనుకు తిరిగిరాలేదు, 2020లో ఆయన మరణించినది రక్తక్యాన్సరువలన.

ఇంతవరకు "ముక్క తీసిరి", "గిల్లిరి" అని తేలికగా చెప్పుచు వచ్చితిమి. ఆ ముక్క ఇచ్చిన మనిషి స్థానమునుండి చూచిన అది అంత తేలిక కాదు. మందు వాడి కోలుకొని పనిచేసికొనుచున్న మనిషి అతడు. అతనికి గజ్జలో కోయించుకొనవలసిన అవసరము లేదు. కోసినచోట రక్తము కారవచ్చును, చీము పట్టవచ్చును, కొంతమేర స్పర్శ తెలియకపోవచ్చును. నిపుణుల చేతిలో ఇవి అరుదే గాని లేకపోలేదు. పేగు పరీక్షకు ముందు విరేచనములకు మందు త్రాగవలెను, సిగ్గు విడువవలెను. ఇంతయు చేసినందున అతని వ్యాధికి ఒక్క దినము మేలు కలుగదు. ఈ సంగతిని వైద్యుడు ముందుగా నోరారా చెప్పవలెను. కాగితముపై సంతకము తీసికొనుట చెప్పుట కాదు. తనకు ఉచితముగా మందిచ్చు వైద్యుడే అడిగినపుడు రోగి కాదనుటకు సంకోచించును. "వద్దన్నచో మందు ఆపుదురేమో" యని లోలోపల శంకించును. ఆ శంకను తీర్చకుండ తీసికొన్న సమ్మతి సమ్మతి కానేరదు. మన దేశములో 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టము, పరీక్షకును చికిత్సకును మాత్రమే గాక పరిశోధనకు కూడ తెలియజెప్పి తీసికొన్న సమ్మతి ఉండితీరవలెనని శాసించుచున్నది. తీసిన ముక్కను దాచియుంచి రేపు మరియొక పరిశోధనకు వాడదలచినచో, ఆ మాటయు దాతకు ముందే చెప్పవలెను.

ఎంతటి దాతయైనను సజీవుడుగా నున్నంతవరకు మెదడునుండి, గుండెనుండి, మూత్రపిండములనుండి పరిశోధనకై ముక్కలు తీయుటకు వీలులేదు. ఈ అడ్డును దాటుటకు శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 2017లో సారా జానెల్లా, డేవీ స్మిత్ మున్నగువారు ఒక పరిశోధన ఆరంభించిరి. దాని పేరు 'లాస్ట్ గిఫ్ట్', అనగా కడపటి కానుక. హెచ్.ఐ.వి. కలిగి, క్యాన్సరు వంటి వేరొక వ్యాధిచేత ఆరు నెలలకు మించి జీవింపరని తేలినవారు ఇందులో స్వయముగా చేరుదురు. బ్రతికియున్నంతవరకు అప్పుడప్పుడు రక్తమిత్తురు. మరణించిన ఆరు గంటలలోపల దేహపరీక్ష జరిపి, పదులకొలది స్థానములనుండి కణజాలము సేకరింతురు. ఆలస్యమైనచో జన్యుసందేశములు చెడిపోవును గనుక, ఏ వేళ కబురు వచ్చినను బృందము బయలుదేరవలెను. ఆరుగురి దేహములనుండి తీసిన 28 రకముల కణజాలములను పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. వైరస్ జన్యువు దేహమంతట, మెదడులో సైతము, వ్యాపించియున్నది. ఒక స్థానములోని నకలే మరియొక స్థానములోను కనబడినది.

మరణము సమీపించినవారిని ఇట్టి సహాయమడుగుట తగునా అని ఆ పరిశోధకులే ఇతరులతో కలిసి చాల చర్చించిరి. దాతలతోను వారి ఆప్తులతోను ముఖాముఖి మాటలాడి, వారి యభిప్రాయములను కూడ ప్రకటించిరి. కొందరు దాతలు కడపటి దినములలో, తమ యిష్టపూర్వకముగా, మందు మానుటకు సైతము అంగీకరించిరి. వైరస్ ఏ మూలనుండి మొదట లేచునో చూడవలెనని. తమకంటె ముందు ఎవరో ముందుకు వచ్చి పరీక్షలకు నిలబడినందుననే తమకు ఇన్నేండ్ల ఆయుర్దాయము లభించినదనియు, ఆ ఋణము కొంత తీర్చుకొనుచున్నామనియు వారిలో పలువురు చెప్పిరి.